పానగల్ రాజా పానుగంటి రామరాయణింగారు

మన శాంతిపురము నుండి చూచినచో ఉత్తరమున పలమనేరు, దక్షిణమున కుప్పము. మూడు భాషల మాటలు కలిసి వినబడు ఈ మూలనుండి మదరాసు రాజధాని పూర్వము ఎంతో దూరముగా తోచుచుండెడిది. కాని ఆ మదరాసులో ఐదేండ్లకు పైగా ప్రథమ మంత్రి పీఠము నధిష్ఠించి, నేటికిని మన ఊరి గుడి లెక్కలను తాకుచున్న ఒక శాసనమునకు మూలపురుషుడైన వ్యక్తి మన పూర్వపు చిత్తూరు జిల్లావాడే యను సంగతి మన పాఠకులలో చాలమందికి తెలియదు. మదరాసు త్యాగరాయనగరమున పానగల్ పార్కు పేరు విననివారుండరు. పట్టుచీరెలు కొనుటకు పోయినవారందరును ఆ పార్కు ప్రక్కగా నడచినవారే. అది ఎవరి పేరో అడిగినవారు మాత్రము తక్కువ. అందుచేత ఈ రజతోత్సవ సంచికలో వారి చరిత్రను కొంత వివరముగా వ్రాయుట ఉచితమని తోచినది.

పానుగంటి రామరాయణింగారు 1866 జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో వెలమ జమీందారీ కుటుంబమున జన్మించిరి. శ్రీకాళహస్తి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2022 నుండి తిరుపతి జిల్లాలో నున్నది. మన కుప్పము ప్రాంతమును ఆ ఉత్తర ఆర్కాటులోని పలమనేరు తాలూకాలో కంగుంది జమీనుగా నుండినదే. కనుక వారు పుట్టిననాటికి వారును మన పూర్వులును ఒకే కలెక్టరు క్రింది ప్రజలు.

జమీందారు బిడ్డలు ఇంటివద్ద పంతులు చెప్పిన నాలుగు ముక్కలతో చదువు చాలించుట ఆ కాలమున వింత కాదు. రామరాయణింగారు అట్లు చేయలేదు. మదరాసు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించి, సంస్కృతము ప్రత్యేక పాఠ్యముగా 1893లో బి.ఏ. పట్టమును, 1899లో ఎం.ఏ. పట్టమును పొందిరి. న్యాయశాస్త్రమును కూడ చదివిరి. సంస్కృతమునందును తత్త్వశాస్త్రమునందును వారికి గల పరిచయము కేవలము పరీక్షల కొరకైనది కాదు. బ్రాహ్మణేతర ఉద్యమమునకు నాయకుడై, దేవాలయ శాసనమును తెచ్చినందుకు ధర్మద్రోహియని నిందింపబడిన మనిషి, ఆ నిందించినవారిలో పెక్కుమంది కంటె మిన్నగా సంస్కృతము నెరిగినవాడగుట గమనింపదగిన విషయము.

జిల్లా బోర్డు పనులతో వారి ప్రజాజీవితము మొదలయ్యెను. 1912లో దక్షిణదేశ జమీందారుల పక్షమున ఢిల్లీ కేంద్ర శాసనసభకు సభ్యులైరి. 1916 నవంబరులో పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారు, డాక్టరు టి. ఎం. నాయరుగారు మొదలగువారు కలిసి దక్షిణ భారత ఉదారవాద సంఘమును స్థాపించిరి. వారి ఆంగ్ల పత్రిక పేరు 'జస్టిస్' అగుటచేత ఆ పక్షమునకును జస్టిస్ పార్టీ యనియే పేరు నిలిచినది. ఆ పక్షమునకు ఆంధ్ర ప్రకాశిక యను తెలుగు పత్రికయు నుండెను. ప్రభుత్వోద్యోగములలోను, విశ్వవిద్యాలయ పదవులలోను ఒక్క కులమువారే నిండియున్నారనియు, తక్కినవారికి న్యాయముగా భాగము రావలెననియు ఆ పక్షము వాదించెను. రామరాయణింగారు మొదటినుండి అందు ముఖ్యులు. 1917లో కోయంబత్తూరున జరిగిన బ్రాహ్మణేతర మహాసభకు వారే అధ్యక్షులు.

ఇక్కడ ఆనాటి పాలనా పద్ధతిని కొంచెము చెప్పవలెను. లేనిచో వారు చేసిన దేమియో, చేయలేనిదేమియో తెలియరాదు. 1919 సంస్కరణల చట్టముతో రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము వచ్చెను. భూమిశిస్తు, పోలీసు, న్యాయము, ధనము వంటి ముఖ్యమైన శాఖలు గవర్నరు చేతిలోనే ఉండెను. స్థానిక పరిపాలన, విద్య, వైద్యము, వ్యవసాయము, పరిశ్రమలు, ధర్మాదాయములు వంటివి ప్రజాప్రతినిధులైన మంత్రుల కప్పగింపబడెను. మన పల్లె వాడుకలో చెప్పినచో, బీగము చెవి అత్త కొంగుననుంచుకొని వంటయిల్లు మాత్రము కోడలి కప్పగించినట్లు. మదరాసు శాసనసభలో 127 మంది సభ్యులలో 98 మంది ఎన్నికైనవారు, తక్కినవారు నియమింపబడినవారు. కార్యనిర్వాహక సభ్యులు వీరికి అదనము. ఓటు హక్కు అందరికిని లేదు. ఆస్తియో పన్నో ఉన్నవారికే ఉండెను. మన గ్రామములలో నూటికి కొద్దిమందికి తప్ప ఓటు లేదనుకొనవచ్చును.

కాంగ్రెసువారు సహాయ నిరాకరణము ప్రకటించి 1920 ఎన్నికలలో పాల్గొనలేదు. జస్టిస్ పార్టీకి అధిక స్థానములు వచ్చెను. 1920 డిసెంబరులో ఏ. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రథమ మంత్రియైరి. రామరాయణింగారు స్థానిక పరిపాలన శాఖను గైకొనిరి. రెడ్డియారుగారికి ఆరోగ్యము చెడగా 1921 జూలైలో రామరాయణింగారు ప్రథమ మంత్రియైరి. వారితోపాటు మంత్రులు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు, అన్నెపు పరశురామ పాత్రోగారు. ముగ్గురును తెలుగు జిల్లాలవారే. అరవ జిల్లాల సభ్యులకు ఇది కంటికి నలుసైనది. ఆ ఫిర్యాదు అన్యాయమనలేము. తరువాతి మంత్రివర్గమున వెంకటరెడ్డినాయుడుగారి స్థానమున తమిళుడైన టి. ఎన్. శివజ్ఞానం పిళ్ళెగారిని తీసికొనుట ఆ ఒత్తిడి ఫలితమే.

ఇక శాసనముల మాట. పానగల్ రాజావారి పేరున నిలిచిన గొప్ప కార్యము హిందూ ధర్మాదాయముల శాసనము. దీనిని గూర్చి మన గ్రామస్థులు వివరముగా తెలిసికొనవలెను, ఏలయన గుడి మాన్యము లేని ఊరు మన ప్రాంతమున అరుదు.

పూర్వము రాజులు గుడులు కట్టించి, భూములిచ్చి, వాని వ్యవహారములను తామే కనిపెట్టుచుండిరి. కుంఫిణీవారు వచ్చిన తరువాత 1817లో ఒక రెగ్యులేషను చేసి ఆ పర్యవేక్షణమును రెవిన్యూ బోర్డున కప్పగించిరి. క్రైస్తవ ప్రభుత్వము హిందూ దేవళముల నిర్వహించుట ఏమని సీమలో ఆక్షేపణ కలుగగా, 1863లో ఒక చట్టము చేసి ఆ బాధ్యతను దులుపుకొనిరి. స్థానిక సంఘములను ఏర్పరచి, వానిలోని వారిని జీవితాంతము సభ్యులుగా నియమించి ఊరకుండిరి. ఆ సంఘములను అడుగువాడు లేడు. ధర్మకర్త లెక్క చూపనిచో సివిలు కోర్టునకు పోయి దావా వేయవలెను. దేవుని తరఫున దావా వేయుటకు ఎవని చేతి డబ్బు ఖర్చగును? కనుక దావాలు అరుదు, మాన్యముల అన్యాక్రాంతము తరచు అయ్యెను. దీపమునకు చమురు లేని గుడులును, గుడి భూమిలో పండిన ధాన్యము నిండిన ధర్మకర్తల గాదెలును ఒకే వీథిలో నుండుట ఆనాటి పెద్దలెరిగినదే.

దీనిని మార్చవలెనని అరువదేండ్లుగా అనేకులు ప్రయత్నించిరి. బిల్లులు పుట్టుచుండెను, చచ్చుచుండెను. ప్రభుత్వము మత విషయములలో చేయి పెట్టనని తప్పించుకొనుచుండెను. ధర్మాదాయములు స్వదేశీ మంత్రుల చేతికి వచ్చినప్పుడు ఆ సాకు పోయెను. పానగల్ రాజావారు 1922 డిసెంబరు 18న బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టిరి. అందు సారాంశమిది. రాష్ట్రమునకంతకు ఒక ధర్మాదాయ బోర్డు. దానికి అధ్యక్షుడును, కమిషనర్లును. వారి క్రింద ప్రాంతీయ దేవస్థాన సంఘములు. ప్రతి దేవస్థానమును ఆదాయవ్యయముల పట్టికను, లెక్కలను చూపవలెను. లెక్కలు తనిఖీ కావలెను. చెడిన నిర్వహణమును సరిదిద్దుటకు బోర్డునకు అధికారము. నిత్య నైవేద్య ఉత్సవాదులకు పోగా మిగిలిన ధనమును అనుకూలమైన ధర్మ విద్యాకార్యములకు వినియోగింపవచ్చును.

సభలోను వెలుపలను గొప్ప అలజడి పుట్టెను. మఠాధిపతులు తమ మఠములు సార్వజనిక సంస్థలు కావనిరి. సనాతనులు దేవుని సొమ్ముపై సర్కారు చేయి పడినదనిరి. స్వరాజ్య పక్షమువారిలో కొందరు, సంస్కరణము కావలసినదే కాని బోర్డు సభ్యులను ప్రభుత్వము నియమించినచో అది మంత్రుల పక్షమువారి భోజనశాల యగుననిరి. ఈ చివరి ఆక్షేపణలో బలము లేకపోలేదు. తరువాతి కాలమున బోర్డు నియామకములలో పక్షపాతమును గూర్చిన ఫిర్యాదులు ఏ ప్రభుత్వమునందును ఆగలేదు. అయినను లెక్క అడుగువాడే లేని స్థితికంటె, లెక్క అడుగువాడు ఒకప్పుడు పక్షపాతి యగు స్థితి మేలని మా అభిప్రాయము. పక్షపాతిని ఎన్నికలలో దింపవచ్చును. అడుగువాడే లేనిచో దింపుట కెవడు కలడు?

బిల్లు 1923లో సభలో నెగ్గెను. కాని రాజప్రతినిధి దానిని తిరుగగొట్టెను. సవరణలతో మరల సభముందుకు వచ్చి 1925లో మొదటి చట్టముగా వెలువడెను. చట్టము చేసిన విధానమునందే దోషమున్నదను సందేహము బయలుదేరెను. రాజావారు విసుగు చెందక మరల 1926లో క్రొత్త బిల్లు తెప్పించిరి. అది 1927లో రెండవ చట్టముగా స్థిరపడెను. ఒకే శాసనమును ముమ్మారు కొలిమిలో పెట్టి తీయవలసి వచ్చినది. అది తుదకు అమలునకు వచ్చునప్పటికి రాజావారు మంత్రి పదవిలో లేరు. బోర్డునకు మొదటి అధ్యక్షులు విశ్రాంత హైకోర్టు న్యాయాధిపతి సర్ టి. సదాశివయ్యరుగారు. బ్రాహ్మణేతర పక్షపు శాసనమునకు బ్రాహ్మణుడైన న్యాయాధిపతి తొలి నిర్వాహకుడగుట, ఆ శాసనము కులద్వేషము వలన పుట్టినదనువారి నోటికి కొంతవరకు తాళము వేసినది. నేడు మన గుడులకు వర్తించుచున్న 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమునకు ముత్తాత ఆనాటి శాసనమే.

ఉద్యోగముల విషయమున 1921 సెప్టెంబరులోను 1922 ఆగస్టులోను వారి ప్రభుత్వము ఉత్తరువులు జారీచేసెను. నియామకములలో అన్ని వర్గములవారికిని భాగముండవలెనని వాని భావము. అవి చట్టములు కావు, ఉత్తరువులు. కచేరీలలో అమలు చేయువారు ఎవరిని తగ్గింపవలెనో వారే యగుటచేత అమలు నత్తనడక నడచెను. వరుసక్రమముగా అమలగుట 1927 తరువాత ఎస్. ముత్తయ్య మొదలియారుగారు మంత్రిగా నున్నప్పుడే. కనుక ఈ దేశమున నేడు రిజర్వేషనని పిలువబడు దానికి విత్తనము నాటినది వీరు, నీరు పోసినది వేరొకరు.

పంచములని అవమానకరముగా పిలువబడువారిని తెలుగు జిల్లాలలో ఆది ఆంధ్రులనియు, అరవ జిల్లాలలో ఆది ద్రావిడులనియు సర్కారు దస్త్రములలో వ్రాయవలెనని 1922లో ఉత్తరువైనది. 1924లో శాసనసభలో, సార్వజనిక మార్గములలో నడచుటకును, సార్వజనికమైన బావులు చెరువుల నీరు వాడుకొనుటకును ఏ కులమువారికిని అడ్డుండరాదని అంగీకరింపబడెను. కాగితముపై అంగీకరించుట వేరు, చేదబావి గట్టుపై జరుగుట వేరు. మన పల్లెలలో ఆ బావి గట్టు దాటుటకు ఇంకెన్ని దశాబ్దములు పట్టినదో ముసలివారి నడిగినచో చెప్పుదురు.

అయితే ఈ వర్గముల విషయమున రాజావారి ప్రభుత్వపు చరిత్ర నిష్కళంకము కాదు. 1921లో మదరాసు బకింగ్‌హాం కర్ణాటక మిల్లులలో సమ్మె జరిగినప్పుడు పుళియాంతోపున ఆది ద్రావిడులకును ఇతర కార్మికులకును ఘోరమైన కలహములు చెలరేగెను. జస్టిస్ పక్షపు పెద్దలు ఆది ద్రావిడులపై నెపము మోపిరి. ఆ వర్గపు నాయకుడు ఎం. సి. రాజాగారు 1923లో పక్షమును విడిచిపోయిరి. బ్రాహ్మణేతరులందరి పక్షమని పేరు పెట్టుకొని, అందరికంటె అడుగుననున్నవారిని నిలుపుకొనలేకపోవుట చిన్న లోపము కాదు.

విద్యారంగమున 1923లో మదరాసు విశ్వవిద్యాలయ శాసనమును, 1925 నవంబరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు బిల్లును విద్యామంత్రి పాత్రోగారు సభలో గెలిపించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926 ఏప్రిలులో బెజవాడలో ప్రారంభమైనది. పరిశ్రమలకు సర్కారు అప్పు, సహాయము ఇచ్చుటకు వీలగు శాసనము వెంకటరెడ్డినాయుడుగారి శాఖది. చిన్న పరిశ్రమలకు దానివలన కలిగిన మేలు ఆశించినంత కాదు.

గ్రామస్థులకు దగ్గరైనది వైద్యము. ఆ కాలమున డాక్టరులందరు పట్టణములలోనే ఉండెడివారు. ఆస్పత్రి కట్టించి, జీతము డాక్టరును పంపుటకు డబ్బు లేదు, ధనశాఖ గవర్నరు చేతిలోనిది. రాజావారి ప్రభుత్వము 1924లో ఒక చవుక ఉపాయము పన్నెను. చదువుకొన్న డాక్టరు ఒక గ్రామమున స్థిరపడినచో ఏటేట ప్రభుత్వము కొంత భత్యమిచ్చును, మందుల ఖర్చు కొంత ఇచ్చును. ఆ డాక్టరు బీదలకు ఉచితముగా వైద్యము చేయవలెను, కలవారి వద్ద తన ఫీజు తాను తీసికొనవచ్చును. ఇది రాష్ట్రమున అనేక గ్రామములకు తొలిసారిగా డాక్టరును తెచ్చినది. తరువాత ఇతర రాష్ట్రములవారును దీనిని పరిశీలించిరి. భత్యము చాలక డాక్టరులు నిలువకపోవుట ఉండినది. డాక్టరు పల్లెలో నిలుచుట ఏనాటికిని కష్టమే, శాంతిపురము చుట్టుపట్ల వారికి ఇది చెప్పనక్కరలేదు.

అంతటితో ఆగక ఆయుర్వేద సిద్ధ యునాని వైద్యములను గూర్చి విచారించుటకు 1921లో ముహమ్మదు ఉస్మాను గారి అధ్యక్షతను ఒక సంఘము నేర్పరచిరి. 1923లో దాని నివేదిక వచ్చెను. దాని ఫలితముగా మదరాసున దేశీయ వైద్య పాఠశాల వెలసినది. కెప్టెను జి. శ్రీనివాసమూర్తిగారు దానికి అధ్యక్షులైరి. ఇంగ్లీషు డాక్టరులు దీనిని పరిహసించిరి. రాజావారి సంస్కృత విద్య ఇచ్చట పనికివచ్చెను. చరకుని పేరు విని నవ్వువారికి చరకుడు వ్రాసినదేమో తెలిసిన మంత్రి సమాధానము చెప్పుట వారెదురుచూచినది కాదు.

స్థానిక పరిపాలన వారి స్వంత శాఖ. జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు కలెక్టరులే అధ్యక్షులుగా నుండు కాలము పోయి, ఊరివారు అధ్యక్షులగు కాలము వారి హయామున వచ్చెను. ఈ శాఖలోనే వారిపై గట్టి విమర్శయు కలదు. బోర్డులలో సభ్యులను నియమించు అధికారమును తమ పక్షమును బలపరచుటకు వాడుకొనిరని ప్రతిపక్షులు చెప్పిరి. పక్షములోనివారును దానిని కాదనలేదు. పదవి దొరకనివాడు కాంగ్రెసులోనికో, దొరికినవాడు జస్టిస్ లోనికో పోవుట అప్పుడు మొదలైనది. మంత్రుల జీతము నెలకు ఐదువేల మూడువందల రూపాయలకు పైబడి యుండుటయు జనులకు నచ్చలేదు. ఆనాడు పల్లె ఉపాధ్యాయుని జీతము పదులలోనే లెక్కింపబడుచుండెను.

1923 ఎన్నికల తరువాత మన జిల్లా చరిత్రలో మరువరాని ఘట్టము జరిగెను. ఆ నవంబరులో రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును తెచ్చినవారు చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచి గ్రామస్థులైన రామలింగారెడ్డిగారు. ముసలమ్మ మరణము, కవిత్వ తత్త్వ విచారము వ్రాసిన కట్టమంచివారే. ఒకనాడు ఆ పక్షములోనివారే. నియంతృత్వ ధోరణి, పక్షపాత నియామకములు సహింపలేక బయటికి వచ్చిరి. ఒక ప్రక్క కాళహస్తి జమీందారు, మరియొక ప్రక్క కట్టమంచి రైతుబిడ్డ. ఇద్దరును పండితులు, ఇద్దరును పదునైన వాదకులు. మదరాసు శాసనసభ యంతయు ఆ రెండు దినములు చిత్తూరు జిల్లా రచ్చబండ యైనదనవచ్చును. తీర్మానమునకు 44 ఓట్లు, ఎదురుగా 65 ఓట్లు. మంత్రివర్గము నిలిచెను. నియమిత సభ్యుల ఓట్లతో గట్టెక్కినారని ప్రతిపక్షులు గొణిగిరి. ఆ తరువాత మూడేండ్లకు రాజావారి ప్రభుత్వపు శాసనముచేతనే వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షుడైనది ఈ రామలింగారెడ్డిగారే.

రైతు విషయమున రాజావారు చేసినది తక్కువ. భూమిశిస్తు గవర్నరు చేతిలోనిదనుట ఒక కారణము. వారు జమీందారులగుట మరియొకటి. కంగుంది జమీనువంటి ఎస్టేటులలోని రైతు పట్టాకై 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను. జస్టిస్ పార్టీ శాసనములను పొగడువారు ఈ ఖాళీ పుటను దాటవేయుదురు. మన ప్రాంతమువారికి అట్లు దాటవేయుట తగదు.

1925లో త్యాగరాయ శ్రేష్ఠిగారు గతింపగా పక్షమునకు రాజావారే అధ్యక్షులైరి. శ్రేష్ఠిగారి పేరు పెట్టబడిన నగరభాగము మదరాసున వెలయుట ఆ కాలముననే. పెద్ద చెరువును పూడ్చి ఇండ్లకు స్థలములు చేసిరి. నడుమ వేసిన తోటకు రాజావారి పేరు పెట్టిరి. 1926లో వారికి సర్ బిరుదము వచ్చెను. ఆ ఏడు చివర జరిగిన ఎన్నికలలో స్వరాజ్య పక్షమువారు ముందంజ వేయగా డిసెంబరులో రాజావారు పదవిని విడిచిరి. డాక్టరు పి. సుబ్బరాయన్ గారు మంత్రివర్గము నేర్పరచిరి. ప్రతిపక్షమున కూర్చున్నను రాజావారి మాటకు బరువు తగ్గలేదు.

1928 డిసెంబరు 16న వారు కాలధర్మము చెందిరి. పక్ష నాయకత్వము మరల మన జిల్లావారికే దక్కెను. చిత్తూరులో న్యాయవాదియైన బొల్లిని మునుస్వామినాయుడుగారు ఆ భారము వహించి, 1930లో ప్రథమ మంత్రియైరి. 1843 నుండి మహంతుల నిర్వహణలో నుండిన తిరుమల దేవస్థానము ప్రత్యేక శాసనముచే 1933లో కమిటీ పాలనలోనికి వచ్చెను. కొండపైని హుండీకిని లెక్క వ్రాయబడు ఆ దినమును చూచుటకు రాజావారు లేరు.